మొండి ఎగ్జిమాకు ప్యాచ్‌లు, సూక్ష్మసూదులు ఆయింట్‌మెంట్ కంటే మేలా?

ఎగ్జిమాకు ఆయింట్‌మెంట్ రాసి విసిగిపోయానని, చర్మం లోపలికి మందు పంపే ప్యాచ్‌లు, సూక్ష్మసూదులు అంతకంటే మేలా అని అడిగారు. చీలమండ దగ్గర గోకీ గోకీ దళసరెక్కి నల్లబడిన ఎగ్జిమాతో ఏళ్ల తరబడి బాధపడ్డాను. నా విషయంలో పరికరం మార్చాల్సిన అవసరం రాలేదు. వాడుతున్న మందే లోపలికి దిగేలా చేయడంతో గుణం కనిపించింది.

చర్మం పైన 10 నుంచి 20 మైక్రోమీటర్ల మందంలో మృతకణాల పొర ఒకటి ఉంటుంది. గోడలో ఇటుకల మధ్య సున్నంలాగా ఆ కణాల మధ్య కొవ్వు పదార్థాలు నిండి ఉంటాయి కాబట్టి, సుమారు 500 డాల్టన్ల (అణువుల బరువును కొలిచే ప్రమాణం) కంటే బరువైన అణువులు ఆరోగ్యవంతమైన చర్మాన్ని దాటడం కష్టం. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ 362 డాల్టన్లే కనుక దాటగలదు. ఎగ్జిమాకు రాసే మరో మందు టాక్రోలిమస్ 804 డాల్టన్లయినా ఎగ్జిమాలో పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఆ గోడ అప్పటికే దెబ్బతిని ఉంటుంది. చర్మం మానేకొద్దీ లోపలికి వెళ్లే మందూ తగ్గుతుంది. ఈ ఏర్పాటు నాకు ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది.

శరీరభాగాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. హైడ్రోకార్టిసోన్‌పై 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు ప్రచురించిన కొలతల ప్రకారం, ముంజేతితో పోలిస్తే నుదుటి నుంచి 6 రెట్లు, దవడ నుంచి 13 రెట్లు మందు లోపలికి వెళ్లగా, చీలమండ నుంచి సగం కూడా వెళ్లలేదు. మందు ఎక్కువగా లోపలికి దిగేలా మా డాక్టరు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌పై ప్లాస్టిక్ పొర కప్పమన్నది అందుకే. స్నానం చేశాక చర్మం ఇంకా తడిగా ఉండగానే పలుచగా రాసి, పొర చుట్టి, అంచులకు టేపు అతికించి, ఉదయాన్నే తీసేసేవాణ్ణి. తీసినప్పుడు చర్మం తెల్లగా నాని ముడతలు పడి ఉండేది. క్రమంగా మందం కరిగి, దురద తగ్గింది. తగ్గగానే పొర మానిపించారు. ముఖం, గజ్జల వంటి పలుచని చోట్ల, రసి కారే పుండ్ల మీద ఈ పద్ధతిని సొంతంగా వాడకండి, స్టెరాయిడ్ వల్ల చర్మం పలుచబడి చారలు పడే ప్రమాదం పెరుగుతుంది.

ఇక ప్యాచ్‌ల సంగతి. నికోటిన్ ప్యాచ్ వంటివి మందును రక్తంలోకి చేర్చడానికి తయారైనవి. ఎగ్జిమాకు మందు చర్మంలోనే నిలవాలి. సూక్ష్మసూదులపై నాకు ఆశ ఉంది, పైపొరను దాటించే సత్తా వాటికి ఉంది. అయితే ఎర్రబడి ఉన్న ఎగ్జిమాపై ఇంట్లో డెర్మారోలర్ (సన్నని సూదులున్న చిన్న రోలర్) తిప్పితే మంట ఎక్కువై ఇన్‌ఫెక్షన్ రావచ్చు. సోరియాసిస్ ఉన్నవారికైతే గుచ్చిన చోటల్లా కొత్త మచ్చలు లేచే అవకాశం ఉంది. వాటి జోలికి వెళ్లేముందు, ఇప్పుడు రాస్తున్న మందు బలం, రాసే పరిమాణం, మీ చర్మపు మందానికి సరిపోతున్నాయో లేదో చర్మవైద్యుణ్ణి అడగండి.