ప్లాటు అమ్మిన డబ్బుతో లంబోర్గినీ కొనవచ్చా?

ప్రశ్న: మాది తాడిపత్రి. వయసు 43. సొంతంగా బండల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్నాను. రిటర్నుల్లో చూపే ఆదాయం ఏడాదికి 62 లక్షలు. 2009లో అనంతపురం బైపాస్ పక్కన 12 లక్షలకు కొన్న ప్లాటును మూడు నెలల క్రితం 1.90 కోట్లకు అమ్మాను. చిన్నప్పటి నుంచి స్పోర్ట్స్ కార్లంటే పిచ్చి. బెంగళూరులో ఒక డీలరు దగ్గర 2020 మోడల్ లంబోర్గినీ హురకాన్ ఈవో 2.60 కోట్లకు ఉంది. ప్లాటు డబ్బులో 1.60 కోట్లు కట్టి, మిగతా కోటికి 9.5 శాతం వడ్డీతో ఐదేళ్ల లోను తీసుకుందామనుకుంటున్నాను. 30 లక్షలు రిజిస్ట్రేషను, బీమాకు పక్కన పెట్టాను. కారును వ్యాపార ఖాతాలో చూపితే పన్ను మిగులుతుందని, పైగా ఈ కార్ల ధర పడిపోదు కాబట్టి పెట్టుబడి కింద లెక్క అని స్నేహితుడు చెబుతున్నాడు. పాప ఇంటర్ రెండో సంవత్సరం, మెడిసిన్ చదవాలనుకుంటోంది. డీలరు 5 లక్షల అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?

జవాబు: అడ్వాన్సు ఇవ్వకండి. కారు మీద మీకున్న మోజును తప్పుపట్టడం నా పని కాదు గానీ, మీరు రాసిన లెక్కలో ఒక పద్దు పూర్తిగా తప్పిపోయింది. దాని సంగతి తేలకుండా కారు ఊసు ఎత్తడానికి లేదు.

ప్లాటు మీద మీకు వచ్చిన దీర్ఘకాలిక మూలధన లాభం 1.78 కోట్లు. దాని మీద 12.5 శాతం చొప్పున 22.25 లక్షల పన్ను, మీ మొత్తం ఆదాయం కోటి దాటుతుంది కాబట్టి ఆ పన్ను మీద 15 శాతం సర్‌చార్జి, ఆపైన 4 శాతం సెస్ కలిపితే సుమారు 26.60 లక్షలు అవుతుంది. 2024 జూలై 23కు ముందు కొన్న స్థలం కాబట్టి ఇండెక్సేషనుతో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కించడం) 20 శాతం పద్ధతినీ ఎంచుకోవచ్చు గానీ, మీ విషయంలో లెక్క వేసి చూస్తే పన్ను ఇంకా పెరుగుతుంది. ఈ లాభం వల్ల ఫ్యాక్టరీ ఆదాయం మీది సర్‌చార్జి కూడా 10 నుంచి 15 శాతానికి ఎగబాకి మరో 75 వేల దాకా భారం పడుతుంది. అంటే రిజిస్ట్రేషను, బీమా కోసమని మీరు పక్కన పెట్టుకున్న 30 లక్షల్లో 27 లక్షలకు పైగా ఆదాయపు పన్ను శాఖ సొమ్ము.

అమ్మి మూడు నెలలే అయింది కాబట్టి ఒక దారి ఇంకా మూసుకుపోలేదు. అమ్మకం తేదీ నుంచి ఆరు నెలల లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ వంటి ప్రభుత్వ రంగ సంస్థల మూలధన లాభాల బాండ్లలో గరిష్ఠంగా 50 లక్షలు పెడితే అంత లాభం మీద పన్ను ఉండదు, మీకు దాదాపు 7.5 లక్షలు మిగులుతాయి. ఐదేళ్ల దాకా ఆ సొమ్ము కదలదు, వడ్డీ కూడా ఘనంగా ఏమీ ఉండదు. అయినా మీలాంటి వారికి కదలకపోవడమే మేలని నా అభిప్రాయం. సీసీ లిమిట్ (బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) మీద నడిచే ఫ్యాక్టరీల వారి చేతిలో నగదు కనిపిస్తే దానికి పది పనులు పుట్టుకొస్తాయి. బాండ్లు, మిగతా పన్ను పోగా మీ దగ్గర ఉండేది 1.20 కోట్లు. అందులో 35 లక్షలు పాప చదువుకు, 40 లక్షలు ఫ్యాక్టరీకి వర్కింగ్ క్యాపిటల్‌గా కేటాయిస్తే, మనసుకు నచ్చినట్టు ఖర్చు పెట్టుకోగలిగినది 45 లక్షలు.

కోటి రూపాయల లోనుకు నెలకు 2.10 లక్షల ఈఎంఐ వస్తుంది, ఐదేళ్లలో వడ్డీయే 26 లక్షలు. పన్నులు పోను మీ నెలసరి ఆదాయం 3.80 లక్షల దాకా ఉంటుంది కాబట్టి సగానికి పైగా ఒక్క కారుకే పోతుంది. పాలిష్ బండలకు గిరాకీ తగ్గిన నెలలో కూడా ఆ కంతు ఆగదు.

వ్యాపార ఖాతా సంగతి. కారు మీద ఏటా 15 శాతం తరుగుదల చూపవచ్చన్నది నిజమే, కానీ వ్యాపారానికి వాడినంత మేరకే. సామాను పెద్దగా పట్టని రెండు సీట్ల కారులో బండల ఫ్యాక్టరీకి ఏం పని జరుగుతోందని అధికారి అడిగితే మీ ఆడిటరు దగ్గర గట్టి సమాధానం ఉండదు. మీ స్నేహితుడు చెప్పనిది ఇంకొకటి ఉంది. తరుగుదల చూపిన కారును జీఎస్టీ నమోదు ఉన్నవారు అమ్మితే, పుస్తక విలువకు (తరుగుదల పోను ఖాతాలో మిగిలిన విలువకు) పైన వచ్చిన మొత్తం మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి. 2.60 కోట్ల కారు పుస్తక విలువ మూడేళ్ల తరువాత 1.60 కోట్లకు దిగుతుంది. అప్పుడు 2 కోట్లకు అమ్మితే ఆ తేడా మీద 7 లక్షలకు పైగా పన్ను పడుతుంది. ధర నిలిస్తే ఈ పన్ను తగులుతుంది, నిలవకపోతే అసలే పోతుంది.

ఇక ధర పడిపోదన్న మాట. హురకాన్‌లోని 5.2 లీటర్ల వీ10 ఇంజిను టర్బో లేనిది. దాని తరువాత వచ్చిన టెమెరారియోలో టర్బోలతో కూడిన వీ8 హైబ్రిడ్ పెట్టారు కాబట్టి, పాత ఇంజిను శబ్దాన్ని ప్రేమించేవారు ఎప్పుడూ ఉంటారు. అయితే 2022 నాటికే 20 వేల హురకాన్లు తయారయ్యాయి, అరుదైన కారు అనడానికి లేదు. పైగా మన దేశంలో ఈ కార్ల పాత ధరలకు ఆధారం కొత్త కారు మీది పన్నులే. 2025 సెప్టెంబరులో సెస్‌తో కలిపి 50 శాతం దాకా ఉన్న జీఎస్టీ 40 శాతానికి తగ్గింది. అదే ఏడాది జూలైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడి కార్ల మీద నూరు శాతం దాటి ఉన్న దిగుమతి సుంకం కోటాకు లోబడి క్రమంగా 10 శాతానికి దిగుతుంది. లంబోర్గినీ ఇటలీ కారే అయినా, ఇలా దానికి పోటీ అయిన కొత్త కార్లు చౌకయ్యే కొద్దీ, పూర్తి సుంకం కట్టి తెచ్చిన పాత కారు ధర ఎక్కడ నిలబడుతుందో ఆలోచించండి.

కర్ణాటక నంబరుతోనే నడుపుకుందామనుకుంటే పన్నెండు నెలలకు మించి కుదరదు. అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి కొత్త నంబరు వేయించుకోవాలి. అక్కడి వారు వాపసు ఇవ్వవలసిన పన్ను కోసం తిరగడం వేరు. ఐదేళ్లు దాటిన కారు కాబట్టి బీమాలో ఐడీవీని (పాలసీలో చూపే కారు విలువను) మీరూ కంపెనీవారూ మాట్లాడుకుని ఖాయం చేసుకోవాలి, మామూలు పాలసీలో ఇనుప భాగాలకు 40 శాతం, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం కోత పడుతుంది.

ఈ మధ్య అనంతపురం టవర్ క్లాక్ దగ్గర బెంగళూరు నంబరున్న ఇలాంటి కారొకటి స్పీడ్ బ్రేకరు దాటడం చూశాను. ముక్కు పైకి లేపుకుని, ఏటవాలుగా ఒక్కొక్క చక్రాన్నే ఎక్కిస్తుంటే వెనుక ఆటోలన్నీ ఆగిపోయాయి. మీ ఊళ్లో అయితే బండల లారీల నుంచి రాలిన పలుకులు రోడ్డు నిండా ఉంటాయి. హురకాన్ వెనుక టైరు 305/30 సైజుది; రబ్బరు గోడ ఎత్తు తొమ్మిది సెంటీమీటర్ల దాకానే ఉంటుంది. పలుకు దిగితే టైరు మన దగ్గర దొరకదు, మీటరు మీద ఒక దీపం వెలిగినా ఫ్లాట్‌బెడ్ మీద బెంగళూరుకు పంపాలి. మూడు సెకన్లలో వంద అందుకునే బండికి నాలుగు వరుసల జాతీయ రహదారి మీద చట్టం అనుమతించే వేగం కూడా ఆ వందే.

మీ దగ్గర మిగిలే 45 లక్షలకు లోను లేకుండా దొరికేది చూడమంటాను. బీఎండబ్ల్యూ ఎం340ఐ ఉంది: 2021లో 62.90 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో వచ్చింది, చెన్నై దగ్గరే బిగిస్తారు, 4.4 సెకన్లలో వంద అందుకుంటుంది, నాలుగు తలుపులు ఉన్నాయి కాబట్టి పాపను కాలేజీలో దించి రావచ్చు. సర్వీసు రికార్డు సరిగా ఉన్న మొదటి యజమాని కారు ఈ పరిధిలో దొరికేదాకా ఓపిక పట్టండి. వేగం చవి చూడాలంటే శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద ట్రాక్ డేలు జరుగుతుంటాయి. ఏడాదికి రెండుసార్లు వెళ్లినా హురకాన్ ఒక నెల ఈఎంఐకి సరితూగదు.

ఈ వారంలో చేయవలసినది మాత్రం ప్లాటు దస్తావేజు తీసి రిజిస్ట్రేషను తేదీ చూసుకోవడం. బాండ్లకు గడువు ఆ తేదీ నుంచే మొదలవుతుంది. ముందస్తు పన్ను వాయిదా ఏ తేదీకి ఎంత కట్టాలో మీ ఆడిటరును అడిగి రాయించుకోండి. డీలరుకు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే, ఎన్‌ఓసీ రాకపోయినా, లోను మంజూరు కాకపోయినా పూర్తిగా తిరిగి ఇస్తామని సంతకంతో కాగితం తీసుకోండి.