పర్లాకిమిడిలో ఒడియా మీడియం చదివే మా మూడో తరగతి బాబు చదవలేకపోతున్నాడు. స్కూల్లో ఏం అడగాలి?

ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. తర్వాత తేల్చుకోవాల్సింది, ఇబ్బంది చదువుదా, భాషదా అని. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మన గుండ్రటి సున్నా ఒడియాలో ‘ఠ’ అక్షరం, తికమక పడకుండా ఎలా ఉంటాడు?

‘పలక’లో ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుందని బాబుని తెలుగులోనే అడగండి. ‘లక’ అని టక్కున చెప్పి, నేర్పిన తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంటే చాలావరకు ఒడియా కొత్త కావడమే కారణం. రెండు భాషల్లోనూ నెలల తరబడి తడబడితే డిస్లెక్సియా, అంటే అక్షరాలు కూడి చదవడంలో ఇబ్బంది పెట్టే అభ్యసన లోపం, ఉందేమో చూపించాలి. దానికీ తెలివికీ సంబంధం లేదు. మా పక్కింటి పిల్లాడు పాఠం మొత్తం గడగడా అప్పజెప్పేవాడు, వేలు మాత్రం రెండు లైన్ల కింద ఉండేది! టీచరు కూడా చాన్నాళ్లు పట్టుకోలేదు.

స్కూల్లో అడగాల్సింది ట్యూషన్ కాదు. నలుగురైదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి రోజూ ఇరవై నిమిషాలు శబ్దం, అక్షరం, గుణింతం కలిపి చెప్పించమనండి. కొత్త ఒడియా మాటకు అర్థం ముందు తెలుగులో చెప్పాలి. పదిసార్లు రాయించే ఇంపోజిషన్ వద్దు, దాంతో చెయ్యి నొప్పే తప్ప చదువు రాదు. అందరి ముందూ చదవమని నిలబెట్టొద్దు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ అభ్యసన లోపం కూడా ఉంది. పిల్లల్లో దాన్ని త్వరగా గుర్తించడం స్కూలు బాధ్యతే. అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.