మహేంద్రగిరికి ఏ కంపాస్ పట్టుకెళ్లాలి మాష్టారూ?

పోయిన సంచికలో శీతాకాలం కొండ నడకల గురించి రాస్తూ, చివర్లో "జేబులో ఒక కంపాస్ ఉంచుకోండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఆ ఒక్క ముక్కకే ఇన్ని ఉత్తరాలు! ఒడిశాలో పర్లాకిమిడి నుంచి కోరాపుట్ దాకా మనవాళ్లకి ఇంత నడక పిచ్చి ఉందని నాకు తెలీదు. ఒకే సంగతి చాలామంది అడిగారు కాబట్టి కొన్ని ప్రశ్నలు కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాష్టారూ, మేం ఐదుగురం డిగ్రీ ఫ్రెండ్స్‌మి. డిసెంబర్‌లో మహేంద్రగిరి ఎక్కుదామనుకుంటున్నాం, బండి రోడ్డు మీద కాదు, కాలిబాటన. పైన సిగ్నల్ ఉండదంటున్నారు. ఆన్‌లైన్‌లో 200 రూపాయలకీ కంపాస్ ఉంది, 3,000కీ ఉంది. ఏది కొనాలి? ఫోన్‌లో ఉన్నది చాలదా? (పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు సిగ్నల్ భయం తీసేద్దాం బాబూ. ఫోన్‌లో కంపాస్‌కి గానీ జీపీఎస్‌కి గానీ టవర్‌తో పని లేదు, మ్యాప్ ముందే దించి పెట్టుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. అసలు గొడవ బ్యాటరీతో. ఐదుగురూ ఫొటోలు తీసి, పాటలు పెట్టి, మధ్యాహ్నం మూడింటికల్లా ఐదు ఫోన్లనీ పడుకోబెట్టేస్తారు, నాకు తెలుసు. పైగా ఫోన్ లోపలుండే అయస్కాంత సెన్సర్ అప్పుడప్పుడూ తప్పు చెబుతుంది, గాల్లో ఎనిమిది అంకె గీసినట్టు తిప్పితే గానీ దారికి రాదు. అందుకని ఫోన్ ఉండాలి, దాంతో పాటు బ్యాటరీ అక్కర్లేని కంపాస్ కూడా ఉండాలి.

ఇక ఏది కొనాలంటే, అడుగున పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పలక, దాని మీద తిరిగే చక్రం, ఆ చక్రం మధ్య నూనెలాంటి ద్రవంలో తేలే ముల్లు ఉన్నది కొనండి. బేస్‌ప్లేట్ కంపాస్ అంటారు. ఈ రకాన్ని 1930లలో స్వీడన్‌లో సిల్వా వాళ్లు బయటికి తెచ్చారు. ఇన్నేళ్లయినా తీరు మారలేదంటే మార్చాల్సిన అవసరం రాలేదన్నమాట. పలక పారదర్శకంగా ఎందుకంటే దాన్ని మ్యాప్ మీద పెట్టినప్పుడు కింద గీతలు కనపడాలి. మూత తెరిస్తే తీగా కటకమూ ఉండే మిలటరీ కంపాస్ నకళ్లు వస్తున్నాయి చూశారా, సినిమాలో హీరో చేతికి బాగుంటాయి, మ్యాప్ మీద పెట్టి పనిచేయడానికి మాత్రం చిరాకు. బ్యాగు పట్టీకి గుచ్చుకునే బొత్తాం కంపాస్‌లు సరదాకే. 200 రూపాయల దానిలో ముల్లు ఒక చోట నిలబడదు, చక్రం వదులుగా ఉండి చెయ్యి తగిలితే తిరిగిపోతుంది. అలాగని అద్దం, వాలు కొలిచే ముల్లు, ఇంకా ఏవేవో ఉన్న ఖరీదైనది కూడా మీకు అక్కర్లేదు. చక్రం మీద 2 డిగ్రీలకో గీత, పలక అంచున స్కేలు, మెడలో వేసుకునే తాడు, చీకట్లో మెరిసే గుర్తులు ఉంటే చాలు.

కొన్నాక ఒక పరీక్ష చెయ్యండి. అరచేతిలో సమంగా పట్టుకుని, ముల్లు తోక గాజుకి రాసుకుంటోందేమో చూడండి. ఈ సంగతి దుకాణాల్లో ఎవరూ చెప్పరు. భూమి అయస్కాంత బలం అడ్డంగానే లాగదు, ఉత్తరాన ముల్లుని నేలవైపు కూడా లాగుతుంది. ఉత్తర ఐరోపాలో ఆ లాగుడు చాలా ఎక్కువ, మన దగ్గర తక్కువ. దక్షిణాన తమిళనాడు కొస దగ్గర దాదాపు లేదు, అయస్కాంత భూమధ్యరేఖ అక్కడ్నుంచే పోతుంది. ఐరోపా కోసం చేసిన ముల్లుకి తోక వైపు కాస్త బరువు పెడతారు కాబట్టి, అదే ఇక్కడికొస్తే తోక కిందికి వాలి గాజుకి తగులుకుంటుంది. ఎన్ని వేలు పెట్టి కొన్నా అది పనికిరాదు. ఎవరైనా ఫారిన్ నుంచి తెచ్చిస్తానంటే "గ్లోబల్ నీడిల్ ఉన్నది తే" అని చెప్పండి, కాస్త వంచినా తిరిగే రకం అది.

ఇంకో మాట. మహేంద్రగిరి 1,501 మీటర్ల కొండ, చుట్టూ అడవి, ఏనుగులు తిరిగే నేల. ఫారెస్టు వాళ్లని అడక్కుండా, కింద సవర గూడెంలో దారి తెలిసిన మనిషిని వెంటబెట్టుకోకుండా కాలిబాట పట్టొద్దు. ఆయనకి కంపాస్ అక్కర్లేదు. మీకు కావాలి, ఎందుకంటే ఆయన తేనె చూసి పక్కకెళ్లినప్పుడు మీరు అక్కడ అరగంట నిలబడాలి.

ప్రశ్న: మా ఇంట్లో నాన్నగారు వాస్తు కోసం కొన్న ఇత్తడి దిక్సూచి ఉంది. అది సరిపోతుందా? (రాయగడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఉత్తరం ఎటో చెబుతుంది, అంతే. దాన్ని మ్యాప్ మీద పెట్టి గీత పట్టుకోలేరు. కానీ వాస్తు వల్ల మనవాళ్లకి ఒక మేలుంది, ఎనిమిది దిక్కులూ నోటికొచ్చు. ఉత్తరం సున్నా అనుకుంటే ఈశాన్యం 45, తూర్పు 90, ఆగ్నేయం 135, దక్షిణం 180, నైరుతి 225, పడమర 270, వాయవ్యం 315. ఇది తలకెక్కితే సగం పని అయినట్టే. 230 అని అంకె కనపడగానే "నైరుతి మూలకి, అంటే వంటిల్లు దాటి" అని మనసులో తోస్తే, తప్పు చదివినప్పుడు కూడా వెంటనే తెలిసిపోతుంది.

ప్రశ్న: గురువుగారూ, కంపాస్ కొన్నాను, వాడటం రాదు. సంక్రాంతికి దేవమాలి కొండకి వెళ్లినప్పుడు మంచు కమ్మేస్తే పది అడుగుల అవతల మనిషి కనపడలేదు, చాలా టెన్షన్ పడ్డాం. కంపాస్ చేతిలోనే ఉంది, కానీ ఏం చెయ్యాలో తెలీలేదు. (సునాబెడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీరు తెలివైన ప్రశ్న అడిగారు. ఉత్తరం తెలిసినంత మాత్రాన మీ కారు ఎటుందో తెలీదు కదా. మీరు ఎక్కడ నిలబడ్డారో, ఎక్కడికి పోవాలో తెలిస్తేనే కంపాస్ పనికొస్తుంది. అంటే మ్యాప్ ఉండాలి, మంచు కమ్మకముందే దాని మీద మీ చోటు వేలితో చూపించగలగాలి.

మ్యాప్ అంటే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 షీటు. దానిలో 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు. గోధుమరంగు గీతలు ఒక్కోటీ 20 మీటర్ల ఎత్తు, అవి దగ్గరదగ్గరగా ఉంటే నిటారు. పొట్టంగి, సెమిలిగూడ వైపు షీట్లు చూస్తే కొన్ని చోట్ల గీతలు ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టుంటాయి, అటు దిగాలనుకోకండి.

ఇప్పుడు మ్యాప్‌ని బల్ల మీద పరవండి. పలక అంచుని మీరున్న చోటు నుంచి వెళ్లాల్సిన చోటుకి కలపండి, పలక మీది బాణం వెళ్లాల్సిన వైపు ఉండాలి. ఇక్కడే చాలామంది తిరగేస్తారు, ఆ తప్పుతో సరిగ్గా వెనక్కి నడుస్తారు. తర్వాత పలక కదలకుండా చక్రాన్ని తిప్పి, దాని అడుగునున్న సన్నగీతలు మ్యాప్ ఉత్తర గీతలకి సమాంతరంగా వచ్చేలా, ఉత్తరం అక్షరం మ్యాప్ తలవైపు ఉండేలా ఆపండి. ఇంతసేపూ ముల్లు ఎటుందో చూడనే వద్దు. బాణం దగ్గర చక్రం మీద ఒక అంకె వస్తుంది, 70 అనుకోండి. అది బేరింగ్. ఇప్పుడు లేచి నిలబడి, కంపాస్‌ని ఛాతీ ముందు సమంగా పట్టుకుని, చెయ్యి కాకుండా ఒళ్లు మొత్తం మెల్లగా తిప్పండి. ఎర్రముల్లు చక్రం అడుగున గీసిన ఎర్రబాణం మీద కూర్చోగానే ఆగండి. పలక బాణం చూపించేదే మీ దారి.

నడిచేటప్పుడు కంపాస్ కేసి చూస్తూ నడవకూడదు, కాలు ఏ బొరియలోనో పడుతుంది. ఆ గీత మీద కనపడే చెట్టునో బండనో పట్టుకోండి, దాని దగ్గరికి పోండి, మళ్లీ చూసి ఇంకోటి పట్టుకోండి. మంచులో చెట్టు కూడా కనపడకపోతే మీ ఆయన్ని ముందుకి పంపించి "కుడికి, ఇంకాస్త కుడికి, ఆగు" అంటూ గీత మీద నిలబెట్టి, ఆయన దగ్గరికి మీరు వెళ్లండి. ఆలస్యమే, కానీ దారి తప్పరు. మధ్యలో లోయ అడ్డొస్తే 90 డిగ్రీలు కుడికి తిరిగి, అడ్డు తొలగేదాకా అడుగులు లెక్కపెట్టండి, తర్వాత 90 డిగ్రీలు ఎడమకి తిరిగి పాత దిక్కులోనే లోయ దాటేదాకా నేరుగా పోయి, మళ్లీ 90 డిగ్రీలు ఎడమకి తిరిగి అన్నే అడుగులు వేస్తే పాత గీత మీదికి వస్తారు, అక్కడ కుడికి తిరిగి మీ దారిన పోవడమే. తిరిగి రావడానికి 70కి 180 కలపండి, 250. మొదటి అంకె 180 దాటితే కలపడానికి బదులు తీసెయ్యండి.

ఇంకో చిట్కా ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మీ కారు వాగు మీద కల్వర్టు దగ్గర ఉందనుకోండి. కల్వర్టుకే గురిపెట్టి నడిస్తే, 5 డిగ్రీల తేడాకి కిలోమీటరులో దాదాపు 87 మీటర్లు పక్కకి పోతారు, వాగు దగ్గరికొచ్చాక కల్వర్టు కుడివైపుందో ఎడమవైపుందో తెలీక కొట్టుకుంటారు. అందుకని కావాలనే ఒక పది డిగ్రీలు ఎడమకి గురిపెట్టండి. వాగు తగలగానే ఆలోచించక్కర్లేదు, కుడికి తిరగడమే.

ప్రశ్న: మా కంపాస్‌లో ఎర్రముల్లు దక్షిణం చూపిస్తోంది. లోపల గాలి బుడగ కూడా ఉంది. పాడైపోయిందా? (గుణుపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బుడగ చిన్నదైతే, ముల్లుకి అడ్డం రాకపోతే పట్టించుకోకండి, ఎత్తుకి వెళ్లినా చల్లబడినా ఒక్కోసారి వస్తుంది. పెద్దదైతే కొత్తది కొనుక్కోవాల్సిందే.

ముల్లు తిరగబడటం మాత్రం నాకు స్వయంగా జరిగింది. నియమగిరి వైపు నడకకి వెళ్లేముందు రాత్రి సామాను సర్దుతూ, కంపాస్‌నీ మా అబ్బాయి బ్లూటూత్ స్పీకర్‌నీ ఒకే అరలో కుక్కాను. స్పీకర్‌లో ఉండేది అయస్కాంతమే కదా, ఆ బలానికి ముల్లు ధ్రువాలు మారిపోయాయి. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి సూర్యుడు కంపాస్ లెక్కన పడమర ఉన్నాడు. మా తమ్ముడు "అన్నయ్యా, ఈరోజు సూర్యుడికి సెలవా?" అన్నాడు. నేను మాత్రం పావుగంట సేపు కంపాస్ తప్పు కాదనే వాదించాను. బలమైన అయస్కాంతం ముల్లు మీద సరైన వైపు రుద్దితే మళ్లీ తిరగబడుతుంది, నేను ఇంటికొచ్చాక అలాగే బాగుచేశాను, కానీ దాన్ని మళ్లీ కొండకి తీసుకెళ్లలేదు. అయస్కాంతం ఉన్న ఫోన్ కవరు, కత్తి, కారు బోనెట్టు, రైలు పట్టాలు, వీటన్నిటికీ దూరంగా చూడాలి. రెండు కంపాస్‌లు పోల్చాలన్నా పక్కపక్కన పెట్టకండి, ఒకదాన్నొకటి లాక్కుంటాయి.

ప్రశ్న: యూట్యూబ్‌లో డిక్లినేషన్ సరిచేసుకోవాలి, లేకపోతే దారి తప్పుతాం అంటున్నారు. ఏమిటది? (బరంపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముల్లు చూపించే ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ ఉండే తేడా. ఆ వీడియోలు చేసేవాళ్లు అమెరికావాళ్లు. అక్కడ సియాటిల్ దగ్గర ఆ తేడా 15 డిగ్రీల దాకా ఉంటుంది, సరిచేసుకోకపోతే నిజంగానే కొంప మునుగుతుంది. మన కొండల్లో అది ఒక డిగ్రీకి అటూఇటూ. డిగ్రీ అంటే కిలోమీటరుకి 17 మీటర్లు, మీ చెయ్యి వణుకులోనే అంతకంటే ఎక్కువ పోతుంది. ఈ తేడాని సరిచేసే మర ఉన్న మోడల్‌కి అదనంగా డబ్బు పెట్టకండి. లద్దాఖ్ వెళ్లేవాళ్లు మాత్రం మ్యాప్ అంచున రాసిన అంకె చూసుకోండి.

ప్రశ్న: మా తాతగారు సూర్యుణ్ణి చూసి దారి చెప్పేవారు. కంపాస్ ఎందుకండీ? (జయపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తాతగారికి ఆ అడవి తెలుసు, సూర్యుడు ఒక సాక్షి మాత్రమే. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండు రోజులే. డిసెంబర్ చివర్లో మన దగ్గర తూర్పుకి దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా వస్తాడు, జూన్‌లో అంతే ఉత్తరంగా. ఇంకో తమాషా, మే మూడో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరం వైపు ఉంటాడు. చేతి గడియారం ముల్లుతో దక్షిణం కనుక్కోవడం అని ఒక పద్ధతి ప్రచారంలో ఉంది, అది ఆ రోజుల్లో ఇక్కడ చేస్తే తిరగబడుతుంది. ధ్రువనక్షత్రం నమ్మకమైనదే, కానీ మన దగ్గర ఆకాశంలో 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ముందు కొండ ఉంటే కనపడదు.

ప్రశ్న: కొండకి వెళ్లకుండా ఊళ్లోనే పిల్లలకి నేర్పించొచ్చా? (రాయగడ నుంచి ఒక టీచరు)

జవాబు: బ్రహ్మాండంగా. స్కూలు గ్రౌండ్‌లో ఒక నీళ్ల సీసా పెట్టి, అక్కడ్నుంచి 40 డిగ్రీల మీద 50 అడుగులు నడవమనండి. ఆగి 120 కలిపితే 160, దాని మీద 50 అడుగులు. మళ్లీ 120 కలిపితే 280, ఇంకో 50. మూడు మూలల ముగ్గు పూర్తయి మళ్లీ సీసా దగ్గరికి రావాలి. తలమీద తువ్వాలు కప్పి, కంపాస్ మాత్రమే కనపడేలా చేస్తే ఇంకా మజా. మా మనవరాలు మొదటిసారి సీసాకి నాలుగు అడుగుల దూరంలో ఆగింది. నేను పదకొండు.