పొలంలో గ్యాస్ పైపు ఉంటే బోరు వేయవచ్చా?

ప్రశ్న: మాది ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక పల్లె. రామగుండం వైపు పోయే గ్యాస్ పైపు మా పొలం నడుమ నుంచి పోయింది. అప్పట్లో మా నాన్నకు కొంత పరిహారం ఇచ్చారు. ఇప్పుడు ఆయిల్‌పామ్ పెట్టి, బోరు వేద్దామనుకుంటున్నాం. పైసలు తీసుకున్నాక ఆ జాగ కంపెనీదేనని కొందరు, పట్టా మనదే కాబట్టి ఏమైనా చేసుకోవచ్చని కొందరు అంటున్నారు. మొన్న రిపేరుకని వచ్చి మక్క చేను తొక్కేశారు. దానికి డబ్బు అడగవచ్చా?

జవాబు: భూమి మీదే. 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం కింద కంపెనీకి దక్కింది వినియోగ హక్కు మాత్రమే. అంటే పైపు వేసుకోవడానికి, దాన్ని చూసుకోవడానికి ఉన్న హక్కు. మీ నాన్నగారికి అప్పుడు జరిగిన పంట నష్టంతో పాటు, తొలి నోటిఫికేషన్ (ఈ హక్కు తీసుకుంటామని కేంద్రం ఇచ్చే ప్రకటన) నాటి భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇచ్చి ఉంటారు. అది భూమి ధర కాదు. పట్టా మీ పేరు మీదే ఉంటుంది, అమ్ముకునే హక్కూ ఉంటుంది. అయితే కొనేవారికి పైపు సంగతి దాచకండి, రేపు మీ మీదే కేసు వేస్తారు.

కానీ పైపు పోయిన పట్టీలో, అంటే కంపెనీకి వినియోగ హక్కు ఉన్న మేరలో, ఏమైనా చేసుకోవచ్చన్న మాట తప్పు. చట్టంలోని 9వ సెక్షన్ మూడింటిని వద్దంటుంది: ఇల్లు గానీ మరే కట్టడం గానీ కట్టకూడదు, బావి, చెరువు లాంటివి తవ్వకూడదు, చెట్లు నాటకూడదు. బోరు కూడా బావి కిందికే వస్తుందనుకోండి. ఆయిల్‌పామ్ చెట్టే కాబట్టి, ఎకరానికి 57 మొక్కల లెక్క వేసుకునేటప్పుడు ఆ పట్టీని తీసేసి లెక్కేయండి. వరి, పత్తి, మక్క, మిర్చి ఎప్పటిలాగే వేసుకోవచ్చు.

పట్టీ వెడల్పు ఎంతో నోటిఫికేషన్‌లో సర్వే నంబరు వారీగా ఉంటుంది. ఆ కాపీ మీ దగ్గర లేకపోతే, పరిహారం తేల్చిన కాంపిటెంట్ అథారిటీకి (ఈ చట్టం కింద కేంద్రం నియమించే అధికారి) సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. గట్టు మీది రెండు గుర్తు రాళ్ల మధ్య తాడు లాగి, పైపు ఇక్కడే ఉందని తేల్చుకోకండి. మధ్యలో పైపు వంపు తిరిగి ఉండొచ్చు. చట్టం ప్రకారం అది కనీసం మీటరు లోతున ఉండాలి. కానీ ఏళ్ల తరబడి దున్ని, చదును చేసిన చేలో పైన మట్టి ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు? బోరు పట్టీకి బయట వేస్తున్నా సరే, కంపెనీకి లెటర్ రాసి, వాళ్ల మనిషి వచ్చి లైను గుర్తు పెట్టాకే రిగ్గు బండిని పిలవండి. 2023లో కేంద్రం తెచ్చిన ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌లో కూడా ముందే చెప్పవచ్చు. బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతి ఎలాగూ తీసుకోవాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2014 జూన్ 27న అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని నగరం అనే ఊళ్లో ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. అక్కడ పైపు తుప్పు పట్టింది, రైతుల తప్పు లేదు. అలాంటప్పుడు కంపెనీ తప్పించుకోలేదు. ప్రమాదకరమైన పని చేసే సంస్థ, తన తప్పు లేకపోయినా నష్టం భరించాల్సిందేనని సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. కానీ మీ రిగ్గు తగిలి పైపు పగిలితే మీరూ చిక్కుల్లో పడతారు. కావాలని చేశారని తేలితే జైలు శిక్ష తప్పదు. అసలు ఆ క్షణంలో రిగ్గు పక్కన నిలబడేది మీ ఇంటి మనుషులే.

సిలిండర్ గ్యాస్‌లా వాసన వస్తేనే లీకు అనుకోవద్దు. పెద్ద లైన్లలో చాలాచోట్ల వాసన కలపరు. నీళ్లున్న మడిలో బుడగలు, బుస్సుమనే చప్పుడు, ఒకే చోట గడ్డి పసుపు రంగుకు మారి ఎండటం గమనించండి. అనుమానం వస్తే మోటరు స్టార్టరు, ట్రాక్టరు ముట్టుకోకుండా గాలికి ఎదురుగా, అంటే గాలి ఎటు నుంచి వీస్తుందో అటు, దూరంగా వెళ్లి, గుర్తు రాయి మీది నంబరుకు, 112కు ఫోన్ చేయండి.

ఇక మక్క చేను సంగతి. డబ్బు అడగవచ్చు, అడగాలి కూడా. పరిహారం ఒక్కసారి తీసుకుంటే అయిపోయిందని చాలామంది రైతులు ఊరుకుంటున్నారు, అది నాకు బాధగా ఉంటుంది. ఎమర్జెన్సీ అయితే తప్ప, వాళ్లు ముందుగా నోటీసు ఇచ్చే మీ చేలోకి రావాలి. వీలైనంత తక్కువ నష్టం చేయాలి, జరిగిన నష్టానికి 10వ సెక్షన్ కింద డబ్బు కట్టాలి. కౌలుకు ఇచ్చి ఉంటే పంట నష్టం కౌలుదారు తన పేరున అడగవచ్చు. తొక్కిన చేను ఫోటోలు తేదీతో తీయండి, వ్యవసాయ విస్తరణ అధికారితో ఎంత మేర పోయిందో రాయించుకోండి. కంపెనీకీ, కాంపిటెంట్ అథారిటీకీ రిజిస్టర్ పోస్టులో అర్జీ పంపి రసీదు దాచుకోండి. వాళ్లు తేల్చిన మొత్తం నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లవచ్చు. చేను మళ్లీ దున్నకముందే ఈ పని చేయండి.