అందరి ఫోన్లలో క్రోమే ఉంటే జనం బ్రౌజర్ ఎందుకు మారుస్తారు? ఫైర్‌ఫాక్స్‌కు మారితే లాభమేంటి?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఎటు చూసినా క్రోమే ఉన్నప్పుడు జనం అసలు బ్రౌజర్ ఎందుకు మారుస్తారన్నది ఒకటి, ఇప్పుడు మీరు ఫైర్‌ఫాక్స్‌కు మారితే ఒరిగేదేంటన్నది రెండోది. నల్లగొండలో నాకు ఆన్‌లైన్ సర్వీసుల షాపు ఉంది, అంతకుముందు ఎన్‌జీ కాలేజీలో డిగ్రీ చదివే రోజుల్లో క్లాక్ టవర్ దగ్గర నెట్ సెంటర్‌లో పనిచేశాను, కాబట్టి ఈ మారడాలన్నీ కౌంటర్ ఇవతల నుంచి చూసినవాణ్ని. ముందే చెప్పేస్తున్నా: ఇంకో బ్రౌజర్ బాగుందని మారినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. పని ఆగిపోతే మారతారు, లేదంటే అన్నో తమ్ముడో షాపువాడో మార్చిపెడితే మారతారు. పని నడిచినంతకాలం మిషన్‌తో పాటు వచ్చిందే వాడుకుంటారు. అందులో తప్పేం లేదు, ఎవరి బతుకు తెరువు వాళ్లది.

నేను నెట్ సెంటర్‌లో చేరేనాటికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌దే రాజ్యం. 1994లో వచ్చిన నెట్‌స్కేప్ అంతకుముందు పెద్ద పేరు, కానీ మైక్రోసాఫ్ట్ 1995లో తన బ్రౌజర్ తెచ్చి విండోస్‌తో పాటు ఉచితంగా ఇచ్చేసరికి వేరేది దించుకునే అవసరం ఎవరికీ లేకుండా పోయింది. 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది గానీ అది తేలేలోపు నెట్‌స్కేప్ పని అయిపోయింది. ఆ తర్వాత జరిగిందే అసలు సంగతి. 2001లో ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది, దాని తర్వాతి వెర్షన్ 2006 దాకా రాలేదు. ఐదేళ్లు! ఎదురు లేనప్పుడు తొందర దేనికి? ఆ ఐదేళ్లలో మా సెంటర్‌లో ఒక్కో సిస్టమ్ ఎట్లా ఉండేదంటే, ఒక పేజీ తెరిస్తే నాలుగు పాప్-అప్‌లు లేచేవి, పైన ఎవరూ అడగని టూల్‌బార్లు వరుసగా వేలాడేవి, హోమ్‌పేజీ దానంతటదే మారిపోయేది, చివరికి ఫార్మాట్ కొట్టడం తప్ప దారి ఉండేది కాదు.

2004 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. నెట్‌స్కేప్ వాళ్లు బయటపెట్టిన సోర్స్ కోడ్ నుంచి మొదలైన మొజిల్లా ప్రాజెక్టులో పుట్టింది అది. ట్యాబ్‌లు ఉన్నాయి, పాప్-అప్‌లను ఆపుతుంది. మా ఓనర్ అన్ని సిస్టమ్‌ల్లో అదే వేయించాడు. కస్టమర్లు అడిగి కాదు, ఫార్మాట్ల బాధ పడలేక. కస్టమర్లు వారం రోజులు గునిసి తర్వాత అలవాటుపడ్డారు. అయితే దానికీ ఒక చిక్కు వచ్చింది. అప్పట్లో చాలా తెలుగు పేపర్ల సైట్లు యూనికోడ్‌లో, అంటే ఏ మిషన్‌లోనైనా తెలుగు ఒకేలా చదవగలిగే పద్ధతిలో, ఉండేవి కావు, ఒక్కోదానికి సొంత ఫాంట్, అవి ఎక్స్‌ప్లోరర్‌లో అయితే సరిగా కనపడేవి, ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే ఒక్క అక్షరం అర్థమయ్యేది కాదు. అప్పుడు 'పద్మ' అని ఒక యాడ్-ఆన్, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, ఉండేది, ఆ ఫాంట్ల రాతను అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. పెద్ద కంపెనీలు పట్టించుకోని తెలుగు పని, ఎక్కడో కూర్చున్న తెలుగువాళ్లు యాడ్-ఆన్ రాసుకుని చేసుకోగలిగారంటే, ఆ బ్రౌజర్ ఎవరైనా చెయ్యి వేయగలిగేలా తెరిచి ఉండటం వల్లే. నాకు ఫైర్‌ఫాక్స్ మీద అభిమానం అక్కడ మొదలైంది, ఇప్పటికీ పోలేదు.

2008 సెప్టెంబర్‌లో క్రోమ్ వచ్చింది. నిజం చెప్పుకోవాలి, అది బాగుండబట్టే నిలబడింది. ఒక ట్యాబ్ హ్యాంగ్ అయితే మిగతావి పడిపోయేవి కావు, ఫైర్‌ఫాక్స్ అప్పట్లో మొత్తంగా మూసుకుపోయేది. కాకపోతే బాగుండటం ఒక్కటే కారణం కాదు. గూగుల్ మొదటి పేజీలోనే క్రోమ్ ప్రకటన, ఫ్లాష్ ప్లేయర్ వేసుకుంటుంటే ముందే టిక్ పెట్టి ఉన్న 'క్రోమ్ కూడా' అనే డబ్బా. 2012కల్లా, ఏ బ్రౌజర్ ఎంతమంది వాడుతున్నారో లెక్కగట్టే స్టాట్‌కౌంటర్ లెక్కల్లో ఎక్స్‌ప్లోరర్‌ను దాటేసింది.

ఫోన్ల కథ వేరు, అక్కడ జనాన్ని కదిలించింది డేటా ఖర్చు. నోకియా జావా ఫోన్ల రోజుల్లో అందరికీ ఒపేరా మినీ కావాలి. పేజీని వాళ్ల సర్వర్‌లోనే కుదించి పంపేది కాబట్టి, మూడు రోజుల్లో అయిపోయే ప్యాక్ నెలాఖరు దాకా వచ్చేది. తర్వాత యూసీ బ్రౌజర్. పాట సగం దిగాక కరెంటో సిగ్నలో పోతే మళ్లీ ఆగిన చోటి నుంచే దిగేది, దేవరకొండ వైపు ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు అది చాలు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యేసరికి, పొదుపు కోసం పెట్టుకున్న ఆ బ్రౌజర్లతో అవసరమే తీరిపోయింది. 2020 జూన్‌లో కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు యూసీ అందులోనే పోయింది. ఒక్కరు కూడా వచ్చి 'అన్నా, యూసీ లేదు, ఏం చెయ్యాలె' అని అడగలేదు.

పని ఆగితే మారతారన్నాను కదా, అది నేను దగ్గరగా చూసింది టెండర్ల విషయంలో. చిన్న కాంట్రాక్టర్లు ఆన్‌లైన్ టెండర్ వేయడానికి వస్తారు, పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పట్టుకుని, గడువు ఇంకో గంటలో ముగుస్తుందనగా. ఆ సంతకం అప్పట్లో బ్రౌజర్ లోపల వేసుకునే జావా ప్లగిన్ అనే ప్రోగ్రామ్ మీద నడిచేది. 2015లో క్రోమ్ అలాంటి ప్లగిన్లను తీసేసింది, 2017లో ఫైర్‌ఫాక్స్ కూడా తీసేసింది. భద్రత కోసం తీశారు, మంచిదే. కానీ సైటు మారలేదు. టోకెన్ లైటు వెలుగుతూనే ఉంటుంది, స్క్రీన్ మీద సంతకం డబ్బా మాత్రం రాదు, కాంట్రాక్టర్ వెనక నిలబడి 'ఏమైంది తమ్మీ, అయితలేదా' అని టెన్షన్. అప్పుడు దిక్కు ఎక్స్‌ప్లోరరే. దాన్ని కూడా 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఆపేసింది, ఇప్పుడు తన కొత్త బ్రౌజర్ ఎడ్జ్‌లో, ఎక్స్‌ప్లోరర్ కోసం కట్టిన సైట్లు తెరవడానికి ఐఈ మోడ్ అని ఒకటి మిగిల్చింది, కనీసం 2029 దాకా ఉంచుతామంటోంది. ఒకే బ్రౌజర్‌ను నమ్ముకుని సైట్లు కట్టినందుకు ఇన్నేళ్లు మనమే అవస్థ పడ్డాం.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావచ్చు. మిషన్‌తో వచ్చిందే వాడతారంటున్నావు, మరి విండోస్‌తో ఎడ్జ్ వస్తుంటే అందరూ దాంట్లోనే క్రోమ్ దించుకుంటున్నారు కదా అని. ఎందుకంటే చేతిలో ఉన్న మిషన్ ఇప్పుడు ఫోను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ ముందే ఉంటుంది, స్కాలర్‌షిప్ లాగిన్ నుంచి కరెంటు బిల్లు దాకా పాస్‌వర్డ్‌లన్నీ అందులో సేవ్ అయి ఉంటాయి. కంప్యూటర్ కొన్నాక ఆ పాస్‌వర్డ్‌లు ఎక్కడుంటే అక్కడికే పోతారు. క్రోమ్‌కు ఉన్న అసలు బలం వేగం కాదు, అది.

ఆ ముందే ఉండే చోటు విలువ ఎంతో కోర్టుల్లో బయటపడింది. ఆపిల్ వాళ్ల బ్రౌజర్ సఫారీలో గూగుల్ సెర్చ్ డిఫాల్ట్‌గా ఉండటానికి 2022లో ఆపిల్‌కు గూగుల్ ఇచ్చింది 2,000 కోట్ల డాలర్లు. మన దగ్గర కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో ఆండ్రాయిడ్ కేసులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది, ఫోన్లలో తన యాప్‌ల కట్టను ముందే పెట్టించడం అందులో ఒక ముఖ్యమైన అభియోగం. 2024 ఆగస్టులో అమెరికా జడ్జి అమిత్ మెహతా సెర్చ్‌లో గూగుల్‌ది చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యమని తీర్పిచ్చారు, కానీ 2025 సెప్టెంబర్‌లో క్రోమ్‌ను అమ్మాలన్న డిమాండ్‌ను ఒప్పుకోలేదు. బాధ కలిగించేదేంటంటే ఫైర్‌ఫాక్స్ తీసే మొజిల్లాకు వచ్చే ఆదాయంలో ఎక్కువ భాగం కూడా గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచే.

ఇక పోటీ పేరుకే ఉందని ఎందుకంటానంటే, బ్రౌజర్ల పేర్లు బోలెడు, సైటు కోడ్‌ను చదివి పేజీగా చూపించే లోపలి ఇంజన్లు మూడే. క్రోమ్, ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్, వివాల్డి, మన జోహో వాళ్ల ఉలా, అన్నీ గూగుల్ నడిపే క్రోమియం మీద కట్టినవే. ఒపేరా 2013లో, ఎడ్జ్ 2020లో సొంత ఇంజన్ వదిలేసి అటు పోయాయి. ఆపిల్‌ది వెబ్‌కిట్. ఈ రెండు కంపెనీలవీ కాకుండా విడిగా మిగిలింది ఫైర్‌ఫాక్స్ వాడే గెకో ఒక్కటే. అది కూడా పోతే సైటు కట్టేవాళ్లు క్రోమ్‌లో పనిచేస్తే చాలనుకుంటారు, ఇప్పటికే కొన్ని అప్లికేషన్ పేజీల్లో 'క్రోమ్‌లో మాత్రమే తెరవండి' అని ఎర్ర అక్షరాల్లో కనపడుతోంది. ఎక్స్‌ప్లోరర్ కాలం చూసినవాడిగా నాకు ఆ ఎర్ర అక్షరాలు చూస్తే కోపం వస్తుంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు: మీ పని దాదాపు అంతా ఫైర్‌ఫాక్స్‌లో నడుస్తుంది, మారండి. సిద్ధాంతం పక్కన పెట్టినా రోజువారీ లాభం ఒకటుంది. ఇంటర్ రిజల్ట్స్ రోజు మా షాపులో చూడాలి. అసలు సైటు జామ్ అయి జనం నకలు సైట్లలోకి పోతారు, అక్కడ ఒకే పేజీలో మూడు ఆకుపచ్చ డౌన్‌లోడ్ బటన్లు, మూడూ ప్రకటనలే, అసలు లింకు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పిల్ల చెయ్యి వణుకుతూ పెద్ద బటన్ మీదే నొక్కుతుంది. ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్-ఆన్ ఉంటే ఆ బటన్లు దాదాపు మాయమైపోతాయి. క్రోమ్ యాడ్-ఆన్‌లకు (అక్కడ ఎక్స్‌టెన్షన్లు అంటారు) పెట్టిన కొత్త నిబంధనలతో దాన్ని ఆపేసింది, బలం తగ్గిన లైట్ వెర్షన్ మాత్రమే మిగిలింది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిది ఇప్పటికీ నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా.

మారేటప్పుడు ముందు పాస్‌వర్డ్‌ల పని చూసుకోండి, మధ్యలో మళ్లీ వెనక్కి పోయేవాళ్లంతా అక్కడే విసిగిపోయి పోతారు. కంప్యూటర్‌లో క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది, నొక్కితే సీఎస్‌వీ ఫైల్ వస్తుంది, దాన్ని ఫైర్‌ఫాక్స్‌లో ఇంపోర్ట్ చేయండి. అయిపోగానే ఆ ఫైల్‌ను రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయండి, అందులో మీ పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదివేలా ఉంటాయి. ఈ పని మాలాంటి షాపుల్లో మాత్రం చేయకండి, ఇంట్లోనే చేసుకోండి. ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి పోయి డిఫాల్ట్ బ్రౌజర్ మార్చకపోతే వాట్సాప్ లింకులన్నీ పాతదాంట్లోనే తెరుచుకుంటాయి, అదీ చూసుకోండి.

క్రోమ్ తీసేయనక్కర్లేదు. ఏదైనా ఫీజు పేజీ ఫైర్‌ఫాక్స్‌లో మొరాయిస్తే ఆ ఒక్క పనికి క్రోమ్ తెరవండి, కానీ ఆ సైటు హెల్ప్‌డెస్క్‌కు ఏ పేజీలో, ఏ వెర్షన్‌లో ఆగిందో స్క్రీన్‌షాట్‌తో మెయిల్ పెట్టండి. నేను పెడుతుంటాను. చాలావాటికి జవాబు రాదు, ఒక పరీక్ష ఫీజు పేజీని మాత్రం తర్వాతి నోటిఫికేషన్ నాటికి సరిచేశారు.