పర్వతాల్లో పక్కకు జారే ఫాల్ట్ పాతబడితే భూకంపం భయం తగ్గుతుందా?

మీరు అడిగినవి రెండు. ఇండియా ఉత్తరానికి జరుగుతూ ఆసియాను ఢీకొంటుంటే పక్కకు జారే స్ట్రైక్-స్లిప్ ఫాల్టులు (ఫాల్ట్ అంటే నేల లోపలి రాయి విరిగి, రెండు వైపులూ జారే చీలిక) ఎలా వచ్చాయి, అవి లక్షల ఏళ్ల పాతవైతే ప్రమాదం తగ్గినట్టేనా అని. రెండోదానికి నా జవాబు: తగ్గదు, చాలాసార్లు పెరుగుతుంది.

మొదటిది త్వరగా చెప్పేస్తాను. ఢీకొన్న ఒత్తిడంతా పర్వతాలు పైకి లేవడానికే సరిపోదు, టిబెట్ నేలలో కొంత తూర్పుకు జరుగుతోంది, అలా జరగాలంటే ఎక్కడో ఒకచోట పక్కకు జారాలి కదా. ఆల్టిన్ టాగ్, కున్‌లున్, కారకోరం ఫాల్టులు అలాంటివే. లద్దాఖ్ ట్రిప్‌లో నుబ్రా లోయలోని పనామిక్ వేడినీటి ఊటలు చూసి ఉంటే మీరు కారకోరం ఫాల్ట్ దాకా వెళ్లొచ్చినట్టే.

ఇక వయసు సంగతి. బెంగళూరులో ఎమ్మెస్సీ జియాలజీ చదివేటప్పుడు ల్యాబ్‌లో పక్కపక్కనే పెట్టిన రెండు చెక్కల మీద తడి బంకమట్టి పరిచి, ఒక చెక్కను మెల్లగా పక్కకు నెట్టేవాళ్లం. మొదట ఏటవాలుగా, ఒకదాని వెనక ఒకటిగా పొట్టి చీలికలు వస్తాయి. ఇంకా నెడితే అవి కలుస్తాయి. చివరికి పొడవైన గీత ఒకటి మిగులుతుంది, కదలికంతా దాని మీదికే వెళ్తుంది, మిగతా చీలికలు ఆగిపోతాయి. ఇప్పటికీ ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ బంకమట్టే.

నేలలోనూ దాదాపు ఇదే జరుగుతుంది. ఫాల్ట్‌లో ముక్కకీ ముక్కకీ మధ్య ఎడం ఉన్నచోట నేల సాగితే లోయ దిగుతుంది, నలిగితే గుట్ట లేస్తుంది. ఆ ఎడం ఐదు కిలోమీటర్లు దాటితే, భూకంపం వచ్చినప్పుడు ఫాల్ట్ వెంట పరిగెత్తే పగులు సాధారణంగా అక్కడ ఆగిపోతుంది. కానీ ఫాల్ట్ జారేకొద్దీ ఈ అడ్డంకులు అరిగిపోతాయి, పగులు ఆగకుండా దూరం పరిగెత్తగలుగుతుంది, ఎంత పొడవు పగిలితే భూకంపం అంత పెద్దది. 2001లో కున్‌లున్ ఫాల్ట్ దాదాపు 400 కిలోమీటర్లు పగిలింది, తీవ్రత 7.8. 2025 మార్చిలో మయన్మార్‌లో సగాయింగ్ ఫాల్ట్ కదిలినప్పుడు బెంగళూరు మారతహళ్లిలో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరూ 7.7 అనే అంకె గురించే మాట్లాడుకున్నారు. నాకు మాత్రం టెన్షన్ పెట్టింది ఆ పగులు పొడవు, అది కూడా 400 కిలోమీటర్లు దాటింది. ఆ ఫాల్ట్ చాలా తిన్నగా ఉంటుంది, అందుకే అంత దూరం వెళ్లగలిగింది.

పర్వతాల్లో ఇంకో చిక్కుంది, పక్కకు జారే ఫాల్టూ పైకి నెట్టే ఫాల్టూ అక్కడ కలిసే ఉంటాయి. 2002లో అలాస్కాలో 7.9 భూకంపం మొదలైంది డెనాలి ఫాల్ట్ మీద కాదు, పక్కనున్న ఒక థ్రస్ట్ ఫాల్ట్ మీద, అంటే పైకి నెట్టే రకం మీద. అక్కడి నుంచి డెనాలి మీదికి దూకి, ఆపైన టోట్షుండా అనే ఇంకో ఫాల్ట్‌లోకి మళ్లింది. 2023 ఫిబ్రవరిలో టర్కీలోనూ పగులు ఒక చిన్న పక్క ఫాల్ట్ మీద మొదలై తూర్పు అనటోలియా ఫాల్ట్‌ను అందుకుంది.

అలాగని కొత్త ఫాల్టులను తేలిగ్గా తీసుకోకండి. 1992లో కాలిఫోర్నియాలోని లాండర్స్ దగ్గర ఇంకా పూర్తిగా కలవని ఫాల్టులు వరసగా పగిలి 7.3 భూకంపం వచ్చింది. మ్యాప్‌లో అవి విడివిడి గీతలే.