మా ఆయన ఆటలో ఆడదానిగా మాట్లాడుతున్నారు

ప్రశ్న: మాకు పెళ్లై మూడేళ్లు. హైదరాబాద్‌లో ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. ప్రతి శనివారం రాత్రి మా ఆయన నలుగురు స్నేహితులతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట ఆడతారు. నేను ఒక్కదాన్నే తిని పడుకుంటాను. మొన్న ఆ గది ముందు నుంచి వెళ్తుంటే "నా కొడుకుని వదిలెయ్, నన్ను తీసుకెళ్లు" అని ఆయన గొంతు వినిపించింది. తర్వాత టేబుల్ మీద కాగితం చూస్తే ఒక ఆడపేరు, బొమ్మ ఉన్నాయి. ఎనిమిది నెలలుగా అదే పాత్రట. అడిగితే "ఆటేగా" అని కాగితం లాక్కుని సొరుగులో పెట్టేశారు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఆయనకి లోపల ఏమైనా ఉందా? డాక్టర్‌కి చూపించాలా? అత్తయ్యకి చెప్పనా?

జవాబు: అమ్మా, ముందు అత్తయ్యగారికి చెప్పకండి. ఆవిడ మంచావిడే కావచ్చు, కానీ మీ ఇద్దరూ ఇంకా మాట్లాడుకోని విషయం మూడో మనిషి చెవిన పడితే, రేపు అందరూ కలిసి ఆయన్ని నిలదీసినట్టే అవుతుంది, ఆ తర్వాత ఆయన మీతో మనసు విప్పడం కష్టం.

ఇక ఆట. 1974లో అమెరికాలో మొదలైంది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏమంటుందో అప్పటికప్పుడు చెబుతారు, ఆ పని ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక వేసి తేల్చుకుంటారు. కథ నడిపే మనిషి రాణిగా, పూటకూళ్లమ్మగా, దొంగగా అందరి తరఫునా మాట్లాడాల్సిందే, ఆ మనిషిని ఎవరూ ఏమీ అడగరు. 1978 నాటి నియమాల్లో ఆడపాత్ర బలానికి మగపాత్ర కంటే తక్కువ హద్దు పెట్టారు, 1989లో వచ్చిన రెండో ఎడిషన్‌లో అది తీసేశారు. కాబట్టి ఇప్పుడు ఆడపాత్ర తీసుకుంటే పాచికల దగ్గర వచ్చే లాభం లేదు, పోయేదీ లేదు. మీవారు ఆ కథ కావాలనుకునే తీసుకుని ఉంటారు. మీరు విన్న ఆ ఒక్క మాట చూడండి, కొడుకు కోసం ఎదురు నిలబడ్డ తల్లి మాట అది. ఆఫీసులో, బంధువుల మధ్య అలాంటి మాట అనే అవకాశం మగవాడికి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

మగవాళ్లు ఆడవేషం కట్టడం మనకేం కొత్త కాదు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా నడిచొస్తే జనం చూపు తిప్పుకోలేకపోయేవాళ్లు, ఆయనకి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారికి పేరు తెచ్చింది స్త్రీ పాత్రలే. అయితే ఒక తేడా ఉంది. రంగస్థలం మీద మాటలు వేరొకరు రాసిపెట్టినవి, ఈ ఆటలో మాటలు మీవారి లోపలి నుంచే రావాలి. అందుకే మీకు కలిగిన అలజడిని పిచ్చి అనుమానం అని నేను కొట్టిపారేయను.

"లోపల ఏమైనా ఉందా" అన్నారు. ఆడపాత్ర ఆడినంత మాత్రాన ఏమీ రుజువు కాదు, హంతకుడి పాత్ర ఆడినవాడు హంతకుడు కానట్టే. కొందరికి ఇలాంటి ఆట తమ గురించి తాము తెలుసుకునే చోటు అయిన మాటా నిజమే. ఒకవేళ ఆయన లోపల తాను ఆడదాన్నేనని అనిపిస్తోందని చెప్పినా అది జబ్బు కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జాబితాలో దాన్ని మానసిక రుగ్మతల్లోంచి తీసేసింది. మందులిచ్చి మార్చేస్తామనే వాళ్ల గడప తొక్కకండి. అప్పుడు ఇద్దరూ కలిసి మంచి సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి, ఎందుకంటే అది మీ జీవితం కూడా, తెలుసుకునే హక్కు మీకుంది. కానీ ఇంకా రాని దాని గురించి ఇప్పటి నుంచే నిద్ర పాడుచేసుకోవద్దు.

నేనైతే చూసేది ఆ పాత్రని ఎలా ఆడుతున్నారు అన్నది. కొన్నిచోట్ల మగవాళ్లు ఆడపాత్ర తీసుకుని వంకర మాటలు, వెకిలి నవ్వులు మొదలుపెడతారు, బల్ల దగ్గర ఆడపిల్ల ఉంటే ఆ పిల్ల మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్లీ రాదు. అది తప్పు, అక్కడ మీకు కోపం రావాలి. అందుకే చాలామంది ఆట మొదలుపెట్టేముందు ఒకరోజు కూర్చుని కథలోకి ఏం రాకూడదో మాట్లాడుకుంటారు, దాన్ని సెషన్ జీరో అంటారు. మీవాళ్లు చేశారా అని అడగండి.

మిమ్మల్ని బాధపెట్టింది ఆడపేరు కంటే ఆయన కాగితం లాక్కోవడం అనిపిస్తోంది నాకు. చిన్నప్పుడు కాస్త మెత్తగా మాట్లాడితే చాలు "ఆడంగి" అని వెక్కిరించే ఊళ్లలో పెరిగిన మగవాళ్లు మనవాళ్లు, మీరు కూడా నవ్వుతారేమోనని భయపడి ఉండొచ్చు. ఆ సొరుగు మాత్రం తెరవకండి. ఆదివారం పొద్దున టీ తాగేటప్పుడు ఇలా అడిగి చూడండి: "ఆ రోజు తలుపు దగ్గర విన్నాను, భయపడ్డాను. ఆవిడ కథేంటో నాకు చెప్తారా?" ఎందుకు ఆడదాని వేషం అని మొదలుపెడితే ఆయన సంజాయిషీ ఇస్తారు, ఆవిడ ఎవరు అని అడిగితే కథ చెప్తారు. చెప్పేటప్పుడు మధ్యలో ఏమీ అనకుండా పూర్తిగా వినండి. రమ్మంటే ఒక శనివారం వెళ్లి పక్కన కూర్చోండి. నచ్చకపోతే లేచి రావచ్చు.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన మాట ఇంకొకటి ఉంది, ఒక్కదాన్నే తిని పడుకుంటాను అన్నది. దాన్ని ఈ గొడవలో కలపకుండా వేరే రోజు విడిగా చెప్పండి, నెలకి రెండు శనివారాలు నాకు కావాలి అని. ఆయన ఆడే పాత్ర గడ్డం ఉన్న యోధుడైనా మీరు ఈ మాట అడగాల్సిందే.